గంట మోగని నిమిషాలు

బ్యాంకు సారు వాళ్ళ అక్కగారు ఫోన్ చేసినప్పుడు నేను రొయ్యల మేత ప్రకటన ఒకటి ఎడిట్ చేస్తున్నాను.

"తమ్ముడు పోయాడు బాబూ. మంగళవారం మట్టి చేశాం. హడావిడిలో నీకు చెప్పడం తోచలేదు. ఏమనుకోకు" అందావిడ.

"అయ్యో" అన్నాను. ఆ మాట నాకే ఎవరో మైకు ముందు చదివినట్టు వినపడింది.

"ఆదివారం చర్చిలో వాడి పేరున పూజ పెట్టిస్తున్నాం. పూజయ్యాక హాల్లో వాడు చేసిన టేపు వినిపించాలని అందరూ అంటున్నారు. నా దగ్గరున్న కేసెట్టు అరిగిపోయింది. నువ్వే తేవాలి."

తెస్తానన్నాను. ఫోన్ పెట్టేసి ప్రకటన పూర్తి చేశాను. రొయ్య ఏపుగా పెరుగుతుందని చెప్పే చోట గొంతు కొంచెం పెంచాను.

ఆవిడ 'వాడు చేసిన టేపు' అంది. ఆ టేపు నా దగ్గర రెండు రకాలుగా ఉంది. ఆయన చేసినది ఒకటి. ఆయన్ని అడక్కుండా నేను అందులో సంగీతం కలిపి జనానికి వినిపించినది ఒకటి. ఊళ్ళో వాళ్ళకి తెలిసింది ఆ రెండోదే. ఆదివారం ఏది పట్టుకెళ్ళాలి అన్నది తప్ప ఆ వారం నాకు వేరే ఆలోచన లేదు. దుఃఖం వస్తుందేమోనని కూడా చూశాను. రాలేదు.

తొంభైల్లో నాకు పటమటలో చిన్న రికార్డింగ్ స్టూడియో ఉండేది. ఏసు పాటలు, అయ్యప్ప పాటలు, ఎలక్షన్లొస్తే రెండు పార్టీల పాటలూ అదే గదిలో, అదే కీబోర్డు మీద చేసేవాణ్ణి. నాటకాల వాళ్ళకి ఉరుములు, గుర్రపు డెక్కలు, పసిపిల్ల ఏడుపు ఇచ్చేవాణ్ణి. ఆయన మొదటిసారి వచ్చింది ఒక మధ్యాహ్నం. చేతిలో కారేజీ సంచి ఉంది. అందులోంచి కేసెట్టు తీసి బల్ల మీద పెట్టారు.

"మా చర్చిలో పాటల ప్రాక్టీసండీ ఇది. ఇందులో పాట తీసేసి మిగతాది ఉంచగలరా?"

వాళ్ళూ వీళ్ళూ వచ్చి, పాట ఉంచి మిగతాది తీసేయమని అడిగేవారు. నా బతుకే అది. ఫ్యాన్ మోత, దగ్గు, బెంచీ కిర్రుమనడం తీసేయడం. "పాట తీసేస్తే ఇంకేముంటుంది సార్?" అన్నాను.

"అదే చూద్దామనండీ."

"కుదరదు సార్. రెండూ కలిసిపోయుంటాయి."

"కుదరదని నాకూ తెలుసండీ. మీరేమంటారోనని అడిగాను."

ఆ మాటకి నాకు కోపం రావాలి. రాలేదు. కూర్చోమన్నాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు వస్తూనే ఉన్నారు.

ఆయన ఒక బ్యాంకులో ఆఫీసరు. పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన అక్కగారితో మా స్టూడియోకి రెండు వీధుల అవతల ఉండేవారు. కారేజీ సంచిలో కారేజీ పక్కనే టేపురికార్డరు ఉండేది. మైకు మూతి మాత్రం సంచి అంచున బయటికి కనిపించేది, దానికి పాత సాక్సు తొడిగేవారు, గాలి కొట్టకుండా. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మొహం పక్కకి తిప్పి చెవి అటు పెట్టేవారు. బ్యాంకులో దీనివల్ల ఫిర్యాదులొచ్చేవట. ఒకాయన మేనేజరు దగ్గరికెళ్ళి "లోను అడిగితే మొహం తిప్పుకుంటున్నాడండీ మీ సారు" అన్నాడట. ఆయనే నాకు చెప్పి, "లోను ఇచ్చానండీ పాపం. బాగా అడిగాడు. ఆ అడగడంలో చివర ఒక జీర ఉంది" అన్నారు.

ముఖ్యంగా ఏదైనా వినాలంటే కళ్ళజోడు తీసేసేవారు. కాడలు చెవుల వెనక నొక్కితే ఏదో అడ్డంగా ఉంటుందనేవారు. తీసి జేబులో పెట్టుకుంటే ఆ మొహం వేరేగా, కొంచెం నిస్సహాయంగా కనిపించేది. ఎవరింట్లోనైనా కాఫీ తాగుతూ మధ్యలో జోడు తీశారంటే ఇంటివాళ్ళు కంగారుపడి "ఏమైందండీ?" అనేవారు. "ఏం లేదండీ, మీ కుళాయి" అనేవారు.

టేపు వినిపించి ఎప్పుడూ ఒకే ప్రశ్న. "ఏం వినపడింది?"

"కాకి సార్" అనేవాణ్ణి.

"కాకని నాకూ తెలుసండీ. ఏం వినపడింది?"

"కాకి అరుపు."

"మళ్ళీ కాకేనా!"

మొదట్లో ఇది వేళాకోళం అనుకున్నాను. పేరు చెప్పగానే వినడం ఆగిపోతుందని ఆయన ఉద్దేశం. అది తెలియడానికి నాకు ఏడాది పట్టింది. తెలిశాక కూడా, ఎవరైనా కస్టమరు గదిలో ఉంటే ఆయన ప్రశ్నకి జవాబు చెప్పేవాణ్ణి కాదు. సిగ్గుగా ఉండేది. ఆయన వైపు చూసి, కస్టమరు వైపు చూసి నవ్వేవాణ్ణి. ఆ నవ్వు ఆయన చూసేవుంటారు.

గన్నవరం విమానాశ్రయం బయట రోడ్డు పక్కన సగం పూట నిలబడి చేసిన టేపు ఒకటి తెచ్చారొకసారి. విమానం కోసం వెళ్ళారు. ఆ రోజుల్లో అక్కడ విమానం దిగడమే అరుదు. ఆ రోజు దిగనే లేదు.

"మరేం రికార్డు చేశారు సార్?"

"రాకపోవడాన్నండీ."

వింటే గడ్డి కదలడం, దూరాన లారీలు, ఆకాశం వైపు తలెత్తి ఎవరో ముసలాయన "ఇయాళ లేదా?" అనడం. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నేను ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ఇప్పుడే కదండీ మొదలైంది."

ఒక ఆదివారం నన్ను బందరు తీసుకెళ్ళారు, చేపల రేవుకి. వేలంపాట అరుపుల కోసం అనుకున్నాను. ఆయన అటు వెళ్ళనే లేదు. గంపల వరస దగ్గర గొంతుక్కూర్చుని, ఐసు కరిగి గంపల అడుగు నుంచి సిమెంటు మీద పడే నీళ్ళ దగ్గర మైకు పెట్టారు. ఒక గంప యజమానురాలు నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఏందయ్యా అది? చేపలు మాట్టాడతయ్యా?"

"చూద్దామమ్మా."

"సచ్చినవాటితో ఏం మాట్టాడిత్తావ్? బతికున్నదాన్ని, నాతో మాట్టాడు. రెండు కిలోలు తీసుకెళ్ళు."

"తప్పకుండానమ్మా. కాస్త ఊరుకుంటే తీసుకుంటా."

"ఊరుకుంటే బేరమెట్టా అవుద్దయ్యా! ఓ లచ్చిమీ, ఈయన్ని చూడవే, చేపల్ని ఇంటర్యూ చేత్తన్నాడు!"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు, మైకు మాత్రం కదపలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో రెండు కిలోల చేపలు ఆయన ఒళ్ళో, టేపురికార్డరు నా ఒళ్ళో. దుర్వాసనకి పక్కవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. నాకు ఆ రోజు బాగుంది. బాగుందని ఆయనకి చెప్పలేదు. "ఎండ మండిపోయింది సార్" అన్నాను.

తను చేసేదానికి పేరు ఏమిటని అడిగితే తడబడేవారు. షార్ట్‌వేవ్ రేడియోలో ఏదో విదేశీ స్టేషన్‌లో 'సౌండ్ ఆర్ట్' అనే మాట విన్నారట. అది నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను.

"శబ్దకళ అనొచ్చేమో. కానీ కళ అంటే మళ్ళీ దండలూ శాలువాలూ వస్తాయండీ. నేను 'వినికిడి' అనుకుంటాను."

"పాటకీ దీనికీ తేడా?"

"పాట మిమ్మల్ని ఎక్కడికో తీసుకెళ్తుందండీ. ఇది తీసుకెళ్ళదు. మీరున్నచోటే ఉంటారు."

"నా దగ్గరున్న ఉరుములూ గుర్రాలూ?"

"వాటికి కథ ఉంది కదండీ. తలుపు చప్పుడంటే ఎవరో వచ్చారని. ఎవరూ రాకుండా తలుపు చప్పుడు చేస్తే, అప్పుడు కూడా మీరు వింటూ కూర్చుంటే, అదండీ."

"మీరేం చేశారు సార్ ఇందులో? బటన్ నొక్కారు."

"అవునండీ. ఎక్కడ నొక్కాలి, ఎక్కడ ఆపాలి, అంతే నా పని. మీరైతే ఎక్కడ ఆపేవారు?"

"నేనసలు మొదలుపెట్టేవాణ్ణి కాదు."

ఆయన పెద్దగా నవ్వారు. "అదీ ఒక పద్ధతేనండీ."

ఆ జవాబుతో గెలిచాననుకున్నాను. కానీ ఆ వారమే, ఆటోనగర్‌లో స్పీకరు బాగుచేయించడానికి వెళ్ళి, లారీ బాడీ కట్టే షెడ్డు ముందు టీ గ్లాసుతో నిలబడి ఉండగా, రేకు మీద సుత్తి దెబ్బకీ దెబ్బకీ మధ్య రేకు తనంతట తాను సన్నగా వణకడం వినపడింది. సుత్తి అని అనుకోలేదు. రేకు అని అనుకోలేదు. టీ చల్లారింది. అలా మొదలైంది నాకు. ఇదీ ఆయనకి చెప్పలేదు.

ఆయన ఎక్కువ కాలం మీద వేసుకున్న పని చర్చి గంటది. వాళ్ళ చర్చిలో రోజూ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం జపవేళకి గంట కొడతారు. ఈస్టరుకి ముందు వచ్చే పవిత్ర గురువారం రాత్రి పూజలో గంట చివరిసారి మోగుతుంది. అక్కణ్ణుంచి శనివారం రాత్రి జరిగే ఈస్టరు పూజ, పాస్కా పూజ దాకా ఇంక మోగదు. గంట తాడు పైకి చుట్టి కట్టేస్తారు. పిలవాల్సొస్తే రెండు చెక్కపలకలు కొట్టి పిలుస్తారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న వాళ్ళకి అందులో వింతేమీ లేదు. ఆయన మాత్రం ఏటా ఆ రోజుల్లో గంట మోగాల్సిన వేళకి గంటస్తంభం కింద కూర్చుని, అది మోగని నిమిషాల్ని రికార్డు చేసేవారు.

ఒక వేసవి నా దగ్గరికొచ్చి అవన్నీ పరిచారు. అప్పటికి నేను నాలుగు ట్రాకుల మిషను కొన్నాను. నాలుగు రకాల చప్పుళ్ళని ఒకే టేపు మీద విడివిడిగా ఉంచి, కావలసినట్టు కలిపే మిషను. ఇద్దరం కూర్చుని, ఆ నిమిషాల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టాం. సైకిలు స్టాండు వేసిన చప్పుడు. దూరంగా చెక్కపలకలు. ఎవరో చీపురుతో ఊడవడం. ఒక చోట ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"ఇక్కడ. వినండి."

ఏదో గుడ్డ దులిపినట్టు, చాలా మెల్లిగా.

"పావురాలండీ. గంట కొట్టినప్పుడల్లా స్తంభం మీంచి లేచేవి. ఇక్కడ గంట లేదు. ఆ వేళకి లేచాయి."

"అలవాటు సార్."

"కావచ్చు. లేదా ఊరికే లేచాయేమో. అది తెలియకపోవడమే బాగుందండీ."

ఆ టేపుని పవిత్ర శనివారం పొద్దున పారిష్ హాల్లో అందరికీ వినిపించాలని ఆయన కోరిక. ఆయన ఎవర్నీ ఏదీ కోరగా నేను చూడలేదు. ఫాదర్‌గారిని మూడేళ్ళు అడిగారట. చివరికి ఫాదర్‌గారు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక నన్ను పక్కకి పిలిచి, "బాబూ, ఆయన చాలా మంచివాడు. నువ్వే చూసుకోవాలి. జనం మధ్యలో లేచిపోతే ఆయన తట్టుకోలేడు. ఏదన్నా కాస్త భక్తిగా ఉండేలా చెయ్యి" అన్నారు.

ఫాదర్‌గారి మీద తోసేయడానికి ఇది రాయడం లేదు. ఆయన అనకపోయినా నేను అదే చేసేవాణ్ణి. మా కేసెట్ల వ్యాపారంలో ఒక నియమం ఉంది. టేపులో ఖాళీ ఉండకూడదు. పాటకీ పాటకీ మధ్య నాలుగు క్షణాలు ఎక్కువైతే కేసెట్టు పాడైందని షాపులో తిరిగిచ్చేస్తారు. అందుకని ఎక్కడ ఖాళీ కనబడినా కీబోర్డు మీద రెండు స్వరాలు నొక్కి పట్టుకుంటాం. చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఆ టేపంతా ఖాళీయే. పైగా హాలు గోడ మీద 'రికార్డింగ్' అని రాసి కింద మా స్టూడియో పేరు వేశారు. వందమంది కూర్చుని నా పేరు కింద ఏమీ లేనిదాన్ని వింటూ నవ్వుతారని భయపడ్డాను.

మూడు ట్రాకుల మీద ఆయనవి ఉన్నాయి. నాలుగోది ఖాళీగా ఉంది. దాని మీద మొదటి నుంచి చివరి దాకా మెత్తని తీగల స్వరం పరిచాను. అక్కడితో ఆగలేదు. "ప్రభువు సమాధిలో ఉన్న మౌన ఘడియలివి" అని నా గొంతుతోనే చదివి, ఎకో పెట్టాను. పావురాల చోట స్వరం కొంచెం పైకి తీశాను, అక్కడ బాగా కుదిరిందని.

ఆ పొద్దున కేసెట్టు ఆలస్యంగా తీసుకెళ్ళాను. ఆయనకి ముందు వినే వ్యవధి ఉండకూడదని కావాలనే ఆలస్యం చేశానో లేదో ఇప్పుడు ఖచ్చితంగా చెప్పలేను. చేశాననే అనుకుంటున్నాను.

ఆయన ముందు వరసలో, వాళ్ళ అక్కగారి పక్కన కూర్చున్నారు. కొత్త చొక్కా. టేపు మొదలవగానే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. సైకిలు స్టాండు వినపడింది. తర్వాత నా స్వరాలు వచ్చాయి. తర్వాత నా గొంతు. ఆయన జేబులోంచి జోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. అయిపోయేదాకా తియ్యలేదు.

ఒక్కరూ లేచి వెళ్ళలేదు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. ఫాదర్‌గారు ఆయన్ని కౌగిలించుకున్నారు. వచ్చినవాళ్ళంతా "ఎంత బాగుందండీ" అంటుంటే ఆయన నా వైపు చెయ్యి చూపించి, "ఆయన వాయించారండీ" అన్నారు. అందులో వెటకారం కోసం వెతికాను. లేదు.

టీలు ఇస్తుండగా దగ్గరికి వెళ్ళాను. "సార్, గ్యాపులు బాగా ఎక్కువున్నాయని..."

"అవి గ్యాపులు కాదండీ" అన్నారు. ఇంకేదో అంటారని నిలబడ్డాను. "టీ తీసుకోండి, చల్లారిపోతుంది" అన్నారు.

ఆ కేసెట్టు కాపీలు చేసి చర్చి దగ్గర ఇచ్చారు. చాలా ఇళ్ళలో మోగింది. ఆయన తర్వాత కూడా స్టూడియోకి వచ్చేవారు. కూర్చునేవారు. ఎండల గురించి, బ్యాంకులో ముందే రిటైరయ్యే స్కీము తీసుకోవడం గురించి మాట్లాడేవారు. అక్కగారు పంపిన పచ్చడి సీసా బల్ల మీద పెట్టేవారు. టేపులు తెచ్చేవారు కాదు. 'ఏం వినపడింది?' అని ఇంకెప్పుడూ అడగలేదు. ఒకసారి మా మెట్ల మీద ఇసుక పోస్తున్న చప్పుడు వచ్చింది, చాలా మంచి చప్పుడు. నేను ఆయన మొహం వైపు చూశాను. ఆయన పేపరు చదువుతున్నారు. క్షమించమని అడగడానికి అన్ని మధ్యాహ్నాలు ఉన్నాయి. ఎండ గురించి మాట్లాడాను.

ఆయన మానేశాక నేను మొదలుపెట్టాను. ఇది చెప్పుకోడానికి బాగోదు కానీ నిజం. కాలువలు కట్టేసే రోజుల్లో లాకుల దగ్గర నీళ్ళు తగ్గిపోవడం రికార్డు చేశాను. కరెంటు పోయినప్పుడు వీధిలో ఫ్యాన్లన్నీ ఒకేసారి ఆగడం చేశాను. అది ఆర్టా కాదా అంటే ఇప్పటికీ నాకు తెలియదు. నాకు తోచింది ఒక్కటే: చప్పుడు ఎలాంటిదన్నది కాదు లెక్క, దాన్ని అలాగే వదిలిపెట్టగలమా లేదా అన్నది. నాది వదిలిపెట్టలేని చెయ్యి. నా టేపులు నేను తప్ప ఎవరూ వినలేదు.

ఆయన పేరున పూజకి ముందురోజు, శనివారం, పాత మిషను దుమ్ము దులిపి, నాలుగో ట్రాకు పూర్తిగా కిందికి దించేసి, మిగతా మూడూ సీడీ మీదికి ఎక్కించాను. వేలితో ఒక మీట కిందికి లాగడం, అంతే పని. ఇన్నేళ్ళలో ఏ రోజైనా చేసుండొచ్చు. సంగీతం ఉన్నది కూడా ఇంకో సీడీ మీద ఎక్కించి సంచిలో వేసుకున్నాను. ఒకటే తీసుకెళ్ళే మనిషిని కాను నేను.

ఆదివారం హాలు నిండింది. కొత్త ఫాదర్‌గారు, చిన్నవాడు. సార్ ఫోటోకి దండ వేశారు, శాలువా కప్పారు. నేను సంగీతం లేనిది పెట్టాను. సైకిలు స్టాండు, చీపురు. జనం కాసేపు తలలు వంచుకుని కూర్చున్నారు. తర్వాత ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో "స్పీకరు పోయినట్టుంది, వైరు చూడండి" అన్నారు. ఫాదర్‌గారు లేచి నా వైపు రాబోయారు. ఆయన కంటే ముందు అక్కగారే వచ్చింది.

"బాబూ, పాట రావట్లేదు."

"ఇదేనండీ ఆయన చేసింది. పాట నేను కలిపాను. ఆయనకి చెప్పకుండా."

"తెలుసు. ఆ రోజే అన్నాడు ఇంటికొచ్చి."

"ఏమన్నారండీ?"

"ఏమంటాడు. 'ఆ అబ్బాయి భయపడ్డాడక్కా' అన్నాడు. అన్నం తిని పడుకున్నాడు."

స్పీకర్లో ఎవరో నడిచి వెళ్తున్నారు. ఆవిడ కాసేపు అక్కడే నిలబడి వింది. విన్నదో, ఊపిరి తీసుకుందో.

"ఇది నాకు ఇయ్యి, ఇంటి దగ్గర పెట్టుకుంటా. వీళ్ళంతా ఏడుద్దామని వచ్చారు బాబూ. ఎండనబడి వచ్చారు. వాళ్ళకి తెలిసింది పెట్టు."

"ఆయనది కాదు కదండీ అది."

"వాడు లేడు కదయ్యా" అంది ఆవిడ, చాలా మామూలుగా.

సీడీ మార్చాను. స్వరాలు వచ్చాయి. నా గొంతు వచ్చింది, ఎకోతో, పడుచు గొంతు. హాలు సర్దుకుంది. ముందు వరసలో ఒకావిడ ఏడవడం మొదలుపెట్టింది, తర్వాత ఇంకొకరు. అక్కగారు కూడా కొంగు కళ్ళకి పెట్టుకుంది. నేను మిషను దగ్గర నిలబడి ఎప్పుడు అయిపోతుందా అని చూశాను.

భోజనాల దగ్గర ఒక పెద్దాయన విస్తరి పట్టుకుని నా పక్కన కూర్చున్నారు. సార్‌తో బ్యాంకులో కలిసి పనిచేశారట.

"ఎప్పుడూ నోరు విప్పేవాడు కాదండీ. లోపల ఇంత సంగీతం ఉందని ఎవరికి తెలుసు?"

"అవునండీ" అన్నాను.